యజమాని ఎవరు?



నేడు పట్టములు గైకొనుచున్న మీలో పలువురు రేపు ప్రభుత్వోద్యోగములందు ప్రవేశింతురు. కావున ఆ కొలువులను మార్చివేసిన సిద్ధాంతముల మూలములను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యను మన మూడు పట్టణముల సాక్ష్యముతో విచారింప దలచితిని.

వ్యక్తుల ఇష్టానిష్టములకు అతీతముగ, నియమబద్ధముగ నడచు ఉద్యోగిగణమే ఆధునిక పరిపాలనకు సమర్థ సాధనమని మాక్స్ వెబర్ తలచెను. ఆ ఉద్యోగియు స్వప్రయోజనము గల మనుష్యుడే, తన శాఖ బడ్జెటును పెంచుకొనుటయందే అతని దృష్టి యని 1971లో విలియం నిస్కానెన్ వాదించెను. బుకానన్, టల్లక్ పండితులు ఆ ఆలోచనకు 1962లోనే పునాది వేసియుండిరి. ఈ అనుమానమునుండియే శాఖలను విడదీసి, కంపెనీలుగా మార్చి, ఒప్పందములతో బిగించు పద్ధతి పుట్టెను. దానిని క్రిస్టఫర్ హుడ్ 1991లో నూతన ప్రజానిర్వహణముగా విశ్లేషించెను.

మన ప్రాంతమునకు ఆ పద్ధతి కరెంటు రూపమున వచ్చెను. 1998 నాటి విద్యుత్ సంస్కరణ చట్టము ననుసరించి, మరుసటి ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలెను. పిదప పంపిణీ కంపెనీలు వెలసెను. జగిత్యాల, కోరుట్లలు వరంగల్లు కేంద్రముగా గల కంపెనీ క్రిందికి చేరగా, సిరిసిల్లలో మాత్రము 1970 నాటి సహకార విద్యుత్ సరఫరా సంఘము, మనమందరము సెస్ అని పిలుచునది, చెక్కుచెదరక నిలిచెను. అది కరెంటును టోకుగా కొని మరమగ్గములకును, వ్యవసాయపు మోటార్లకును పంచును; దాని డైరెక్టర్లను వినియోగదారులైన సభ్యులే ఓటువేసి ఎన్నుకొందురు. ఆ ఎన్నికలలో రాజకీయ పక్షములు బాహాటముగ తలపడుననుట నిజమే; అయినను బిల్లు కట్టువాడే యజమానియు కావచ్చునన్న సంగతి నిస్కానెన్ లెక్కలో లేదు. బుకానన్, టల్లక్‌ల ఆలోచనా సంప్రదాయమునందే పెరిగిన ఎలినార్ ఆస్ట్రమ్, జనులు తమ ఉమ్మడి వనరులకు తామే కట్టుబాట్లు చేసికొని పాటింపగలరని 1990లో నిరూపించెను.

సెస్‌కు భిన్నమైన గతి పట్టిన, కోరుట్లకు చేరువలోని ముత్యంపేట చక్కెర కర్మాగారమును తలచినప్పుడెల్ల నా మనస్సు కలతపడును. నిజాం షుగర్స్‌లో భాగమైన ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయి, 2015 డిసెంబరులో మూతపడెను. ఒప్పందము ప్రభుత్వమునకును ప్రైవేటు భాగస్వామికిని నడుమ జరిగినది. ఆ గానుగను నమ్మి చెరకు నాటిన రైతునకు అందులో సంతకము లేదు. రేపు మీ బల్లమీదికి అట్టి ఒప్పందపు ఫైలు వచ్చినపుడు, ఆ రైతు పేరు అందులో ఎచ్చట నున్నదో ముందుగా వెదకుడు. లేకున్నచో, ఆ మాటను ఫైలులోనే వ్రాసి పైకి పంపుడు.