నిమిషములో ఊరి మాట

(శంషాబాదు పరిసర గ్రామముల పంచాయతీ సభ్యుల నుద్దేశించి పౌరసంబంధశాఖాధికారి యొకరు చేసిన ప్రసంగ పాఠము)

అడగనిదే అమ్మయినా పెట్టదని మన పెద్దల మాట. అడుగుట మనకు క్రొత్త కాదు. పంచాయతీ సభ్యులు మండల కార్యాలయమునకు, కలెక్టరు కచేరీకి, శాసనసభ్యుల ఇండ్లకు తిరుగుచునే యున్నారు. కాని ఏమి అడుగవలెనో, ఎట్లు అడుగవలెనో ముందుగా ఆలోచించి పోవువారు తక్కువ. వరండాలో రెండు గంటలు వేచియున్న పిదప లోన దొరకునది రెండు నిమిషములు. అందులో ఒకటిన్నర నిమిషము నమస్కారములకు, ఊరి పూర్వచరిత్రకు, వెనుకటి పాలకవర్గపు లోపములకు చెల్లిపోవును. అసలు సంగతి నోటికి వచ్చుసరికి అధికారి చేయి గంట మీదికి పోవును. "కాగితమిచ్చి వెళ్ళండి" అన్న మాటతో మనము వెలుపలికి వత్తుము. ఈ నష్టము వెళ్ళిన సభ్యునిది కాదు, ఊరిది. కావున ఊరి అవసరమును ఒక నిమిషములో చెప్పు విధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మన కన్నుల యెదుటనున్న విమానాశ్రయమునే చూడుడు. అంత పెద్ద నిర్మాణమునకు గల కారణమును రెండు వాక్యములలో చెప్పవచ్చును. బేగంపేట విమానాశ్రయము నగరము నడుమ చిక్కుకొన్నది, పెరుగుటకు చోటు లేదు. శంషాబాదున సుమారు 5,500 ఎకరములలో 4,260 మీటర్ల రన్‌వేతో, ఏటికి 1 కోటి 20 లక్షల ప్రయాణికులకు సరిపడు క్రొత్త విమానాశ్రయమును నిర్మింపవచ్చును. ఎవరికి ఇబ్బంది, ఎంత, దానికి మార్గమేమి అను మూడును ఇందులో నిమిడియున్నవి. 2005 మార్చి 16న శంకుస్థాపన జరిగినది. 2008 మార్చి 23 నుండి విమానములు తిరుగుచున్నవి. పిదప 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చినది. శంషాబాదు 2018లో పురపాలక పట్టణమైనది. ఇంత మార్పు జరిగిన ఈ నేలపై తమ పల్లె కొరతను రెండు వాక్యములలో చెప్పగలవారు మనలో ఎందరు? చెప్పలేకపోయినచో రహదారి ప్రక్కనే యున్నను మన పల్లె వెనుకబడియే యుండును.

వర్తకులు ఈ విద్యను శ్రద్ధగా అభ్యసింతురు. దీనికి వారు 'ఎలివేటర్ పిచ్' అని పేరు పెట్టుకొనిరి. పెట్టుబడి పెట్టగల పెద్దమనిషి లిఫ్టులో ఎదురైనచో, అది పై అంతస్తునకు చేరులోపల తన పనిని ఆయన మనస్సున నాటునట్లు చెప్పవలెనని దాని భావము. 2015లో హైదరాబాదున స్థాపింపబడిన టీ-హబ్‌వంటి సంస్థలలో యువకులు ఇట్టి మాటలనే మరల మరల సాధన చేయుదురు. లిఫ్టు మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. 1854లో న్యూయార్కు ప్రదర్శనశాలలో ఎలీషా ఓటిస్ అనునాతడు ఎత్తుగా లేపిన బల్లపై నిలిచి, దాని త్రాడును అందరి యెదుట తెగగొట్టించెను. బల్ల క్రింద పడలేదు. అతడు కనిపెట్టిన రక్షణ సాధనము దానిని పట్టి నిలిపెను. గంటసేపటి ఉపన్యాసము చేయలేని పనిని ఆ ఒక్క నిదర్శనము చేసినది. కావున మాటతోపాటు ఒక్క సాక్ష్యమును, ఒక ఫోటోనో, పాఠశాల హాజరుపట్టీ నకలునో, వెంట తీసికొని పోవుడు.

ఇక చెప్పవలసినవి ఐదు. కష్టము ఎవరిది? అది యెంత? దాని వలన ఏమి చెడుచున్నది? మనము ఏమి చేయుటకు సిద్ధముగా నున్నాము? ఎదుటివారు ఏమి చేయవలెను? ఒక్కొక్కదానికి ఒక్కొక్క వాక్యము చాలును.

మొదటి మూడింటికి మన తెలుగు నేతగాని ఉదాహరణము కలదు. ఆలేరు ప్రాంతమునకు చెందిన శ్రీ చింతకింది మల్లేశముగారు తల్లి పడు శ్రమను చూచి ఆసుయంత్రమును 1999లో సిద్ధము చేసిరి. దానికి తల్లి పేరిట లక్ష్మీ ఆసుయంత్రమని పేరు పెట్టిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. ఆ యంత్రపు మరలను గూర్చి గంటలకొలది చెప్పవచ్చును. కాని "ఒక్క చీరకు ఆసు పోయుటకు వేల మార్లు చేయి ఆడింపవలెను, ఆడవారి భుజములు పడిపోవుచున్నవి, ఈ యంత్రము ఆ శ్రమను తప్పించును" అన్నచో నేత తెలియనివాడును గ్రహించును. ముందు మనిషి, తరువాత లెక్క, ఆ పిమ్మట యంత్రము.

ఇప్పుడు ఒక గ్రామమును ఊహింతము. ఉన్నత పాఠశాల మండల కేంద్రమున నున్నది. బస్సు ఊరివరకు రాదు. సభ్యుడొకరు డిపో మేనేజరు వద్దకు పోయి, "మా ఊరికి స్వాతంత్ర్యము వచ్చినప్పటినుండి న్యాయము జరుగలేదు, రోడ్లు లేవు, బస్సులు లేవు, ఎవరును పట్టించుకొనరు, తమరే దయచూడవలెను" అనును. ఇందులో అబద్ధము లేకపోవచ్చును; కాని చేయదగిన పని యొక్కటియు లేదు. వినువాడు దేనికని కలము పట్టవలెను?

అదే మాటను ఇట్లు చెప్పి చూడుడు: "అమ్మా, మా ఊరినుంచి 42 మంది ఆడపిల్లలు హైస్కూలుకు పోతున్నారు. మీ ఎనిమిది గంటల బస్సు మా ఊరికి 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న కూడలిదాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నది. అంతదూరం చీకటిపడ్డాక ఒంటరిగా నడవలేక నిరుడు ఇద్దరు పిల్లలు చదువు మానేశారు. బస్సు తిరగడానికి పంచాయతీ స్థలం చదును చేసి పెట్టింది. ఉదయం ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు నెలరోజులపాటు ఊరిదాకా పంపి చూడండి." దీనికి పట్టునది అరనిమిషము. క్రొత్త బస్సును అడుగలేదు. ఉన్న బస్సునే మూడు కిలోమీటర్లు నడపుమన్నారు. శాశ్వతముగా కాదు, నెల దినములు మాత్రమే. కాదనుట కష్టమగునట్లు అడుగుటయే నేర్పు. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకము క్రింద మన రాష్ట్రమున ఆడవారికి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమైనది. కాని ఊరికి బస్సే రానప్పుడు ఉచిత ప్రయాణము ఆ బాలికలకెట్లు అందును?

ఎవరి అధికారములో నున్న పనిని వారినే అడుగవలెను. డిపో మేనేజరును వంతెన అడుగరాదు. సోమవారము కలెక్టరేటున జరుగు ప్రజావాణికి పోయినప్పుడు పది సమస్యల పట్టిక గాక ఒక్కదానినే చెప్పుడు. పది చెప్పినచో ఏ ఒక్కటియు గుర్తుండదు.

మన ప్రాంతమున పెద్ద సంస్థలు పెక్కు కలవు. 2013 కంపెనీల చట్టములోని 135వ సెక్షను ప్రకారము నిర్ణీత పరిమాణమునకు మించిన సంస్థలు గడచిన మూడేండ్ల సగటు లాభములో కనీసము నూటికి 2 వంతులు సామాజిక కార్యములకు వినియోగింపవలెను. ఏడాదికి 5 కోట్ల రూపాయల నికర లాభము వచ్చిన సంస్థయు ఈ లెక్కలోనికి వచ్చును. తాము పనిచేయు స్థానిక ప్రాంతమునకు ప్రాధాన్యమీయవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. కావున అక్కడికి బిచ్చమునకు పోయినట్లు పోనక్కరలేదు. అట్లని పోట్లాటకును పోరాదు. పాఠశాలకు మరుగుదొడ్డియా, యువకులకు వృత్తిశిక్షణయా, త్రాగునీరా అని నిర్ణయించుకొని, వెల అంచనాతో, నిర్వహణ బాధ్యత ఎవరిదో చెప్పుచు పోవలెను. ఇచ్చినది రేపు పాడుపడదను నమ్మకమే వారికి కావలసినది.

ఈ ఐదు వాక్యములు సర్పంచి ఇంటి అరుగుమీద పుట్టరాదు, గ్రామసభలో పుట్టవలెను. 2018 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామసభ రెండు మాసముల కొకసారి జరుగవలసియున్నది. ఊరు ఏది ముందు కావలెనని తేల్చుకొననిచో ఒక సభ్యుడు బస్సునడుగును, మరియొకడు గుడి ప్రహరీ నడుగును. ఇద్దరికిని లభించునది చిరునవ్వు మాత్రమే. ఐదు వాక్యములు పలుకుట అరనిమిషపు పని. వానిని నిర్ణయించుట ఒక రాత్రి చర్చ. ఆ చర్చను తప్పించుకొన్నవాడే కచేరీలో సుదీర్ఘముగా మాటలాడును.

మరియొక మాట. మన పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. బాలికల కష్టమును చెప్పవలసినప్పుడు సభ్యురాలిని వరండాలో నిలిపి భర్త లోనికి పోవుట తగదు. బిడ్డ రాక కొరకు వాకిట నిలిచి చూచిన తల్లి పలికెడి ఒక్క వాక్యము మన పది వాక్యముల పెట్టు.

లెక్కలు మాత్రము నిజమై యుండవలెను. 42ను 100 చేసినచో ఒక్క విచారణతో ఊరి మాట విలువ పోవును. చెప్పిన మాటలనే ఒక పుటలో వ్రాసి ఇచ్చి, అందినట్లు సంతకము, తేదీ తీసికొనుడు. పదునైదు దినములకు మరల పోయి, ఆ తేదీని జ్ఞాపకము చేయుడు.

సోదర సోదరీమణులారా, వచ్చు గ్రామసభలో మీ ఊరి మొదటి అవసరమును ఐదు వాక్యములలో వ్రాసి, చదివి వినిపింపుడు. పదేండ్ల పిల్లవానికి అర్థమైనచో అది సిద్ధమైనట్లే. కాకున్న మరల వ్రాయుడు. ఆ కాగితము మీ జేబులో నుండగా కలెక్టరుగారు దారిలో ఎదురైనను, మంత్రిగారి కారు మీ కూడలిలో ఒక్క నిమిషము ఆగినను, ఆ నిమిషము మీ ఊరిదగును.