గాజుతొట్టెలో నీటితోట

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం నాడు మచిలీపట్నంలో జరిగిన సభలో ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠము)



1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించీ, డి.ఏ. బకాయిల గురించీ పెద్దలు ఇప్పటికే చెప్పారు. కార్యదర్శిగారు నాకు వేరే పని అప్పగించారు. "మీ ఇంట్లో ఆ చేపల తొట్టె ముందు కూర్చుంటే లేవబుద్ధి కాదండీ. అదెలా పెట్టుకోవాలో నాలుగు మాటలు చెప్పండి, భోజనాలకి ఇంకా అరగంట పడుతుంది" అన్నారు. కనుక వంట ఆలస్యమైనందుకు మీరు నన్ను భరించవలసి వచ్చింది.

నేను ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి ముప్పై మూడేళ్ళు కాలవ గట్ల మీదే తిరిగినవాణ్ణి. పుల్లేరు కాలవ మీద కొన్నాళ్ళు, పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమలో కొన్నాళ్ళు, చివరికి బందరులో. ఏటా వేసవిలో కాలవలు కట్టేశాక నా పని ఏమిటంటే నాచు తీయించడం, గుర్రపుడెక్క లాగించడం, గట్లకు గండ్లు, బొరియలు ఉన్నాయేమో చూసుకోవడం. నాచు పట్టిన కాలవలో నీరు నడవదు. నీరు నడవకపోతే శివారు రైతు వచ్చి మన కాలరు పట్టుకుంటాడు. అలాంటి నేను 2010లో రిటైరై ఇంట్లో గాజుతొట్టె పెట్టి, అదే నాచును కాలవలోంచి తెచ్చి నాటుతుంటే మా ఆవిడ గుమ్మంలో నుంచుని, "ముప్పయ్యేళ్ళు పీకించిన పాపం ఇలా తీర్చుకుంటున్నారా?" అంది. సమాధానం తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

అసలు నీటిలో మొక్కలతో అక్వేరియం అంటే ఏమిటి? బజారులో కనిపించే రంగు రాళ్ళు, ప్లాస్టిక్ ఆకులు, నోరు తెరిచి బుడగలు వదిలే బొమ్మ మొసలి, అవి కాదు. మట్టిలో వేళ్ళూనిన బతికున్న మొక్కలు, వాటి మధ్య కొద్దిపాటి చేపలు. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజు పాత్రలో రెండు బంగారు చేపలు, కొన్ని నత్తలు, వాలిస్నేరియా అనే నీటిమొక్క పెట్టి, నీళ్ళు మార్చకుండానే అవి ఒకదానినొకటి ఎలా బతికించుకుంటాయో చూపించాడు. చేప వదిలినది మొక్కకు ఎరువు, మొక్క వదిలినది చేపకు ఊపిరి, కుళ్ళిన ఆకు నత్తకు భోజనం. ఆ వాలిస్నేరియా ఏదో విదేశీ మొక్క అనుకునేరు. మన కాలవల్లో అడుగు నుంచి రిబ్బన్లలాగా పొడుగ్గా లేచి, ప్రవాహం ఎటుంటే అటు వాలి ఊగుతూ ఉంటుందే, ఆ నాచు జాతే. నేను బళ్ళకొద్దీ తీయించి గట్టున ఎండబెట్టింది దాన్నే.

ఇక పని సంగతి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టె మన వయసువారికి సరిపోతుంది. చిన్నది తేలిక అనుకుంటారు గానీ, నీళ్ళు తక్కువైనకొద్దీ పొరపాటుకు శిక్ష ఎక్కువ. దీనిలో యాభై అయిదు లీటర్ల పైచిలుకు పడతాయి. మట్టి, ఇసుక కలిసి బరువు డెబ్భై కిలోలు దాటుతుంది. టీవీ స్టాండు మీదా, పాత కుట్టుమిషను బల్ల మీదా పెట్టకండి. గట్టి బల్ల వేసి, తాపీమేస్త్రి రసమట్టం తెప్పించి చూసుకుని, అప్పుడు పెట్టండి. వాలుగా ఉంటే ఏదో ఒక రాత్రి అద్దం చిట్లుతుంది. కిటికీలోంచి ఎండ పడే చోటు వద్దు, పచ్చటి పాచి కమ్మేస్తుంది.

అడుగున అంగుళం మందాన జల్లించిన తోటమట్టి, దాని మీద అంగుళంన్నర ముతక ఏటి ఇసుక వేయాలి. సముద్రపు ఇసుక పనికిరాదు, దానిలో ఉప్పూ, గుల్లలూ ఉంటాయి. ఇసుక మీద నిమ్మరసం పిండి చూడండి, నురగ వస్తే దానిలో సున్నం ఉన్నట్టు. మన నల్లరేగడి కూడా వద్దు, బంకలాగా పట్టేసి వేళ్ళకు ఊపిరి ఆడనివ్వదు. ఇక్కడ నా తెలివి ఒకటి చెప్పాలి. మొక్క అంటే ఎరువు, ఎరువు అంటే పెంట అని పుట్టినప్పటి నుంచీ విన్నవాణ్ణి కదా, చివికిన పశువుల ఎరువు నాలుగు దోసిళ్ళు మట్టిలో కలిపాను. మూడో రోజుకు నీళ్ళు టీ డికాక్షను రంగుకు వచ్చాయి, అయిదో రోజుకు ఇల్లంతా మురుగు డ్రైను వాసన. మొత్తం ఎత్తిపోసి మళ్ళీ మొదలుపెట్టాను. ఉత్త మట్టి చాలు. మిగిలిన ఎరువు చేపలే ఇస్తాయి.

నీళ్ళ సంగతి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, బకెట్టులో పట్టి ఒక రోజు మూత లేకుండా వదిలేస్తే చాలావరకు పోతుంది. దివిసీమ మిత్రులు, బందరు చుట్టుపక్కల వారు బోరు నీళ్ళు ఉప్పన అంటారు. నిజమే, మంచినీటి మొక్కలకు అవి పడవు. కాలవ నీళ్ళు తెచ్చుకుని రెండు రోజులు కదపకుండా ఉంచితే ఒండ్రు దిగిపోతుంది. మన అమ్మమ్మలు చిల్లగింజ అరగదీసి తేర్చేవారు గుర్తుందా, అంత కూడా అక్కర్లేదు. పటిక మాత్రం వేయకండి. వానాకాలంలో డాబా మీది నీళ్ళు మొదటి జల్లు వదిలేసి పట్టుకుంటే, బోరు నీళ్ళలో కలిపి వాడవచ్చు.

మొక్కలు ఎక్కడివి అంటారా? కాలవలో, బోదెల్లో, చేలగట్ల మీద కావలసినన్ని. వాలిస్నేరియా, హైడ్రిల్లా నాచు, తడి గట్ల మీద పాకే నీటి బ్రాహ్మి, వరిచేలలో మొలిచే అంబూలియా. తెచ్చాక బాగా కడిగి, లేత గులాబి రంగు పర్మాంగనేటు నీళ్ళలో పది నిమిషాలు ముంచి తీస్తే జలగలూ, నత్త గుడ్లూ రాకుండా ఉంటాయి. పురుగుమందు కొట్టిన చేను పక్క బోదె నుంచి మాత్రం తేవద్దు. మొదటి రోజే దట్టంగా నాటండి. ఖాళీగా ఉంటే ఆ ఖాళీని పాచి నింపుతుంది. ట్యూబులైటో, ఎల్‌.ఇ.డి. దీపమో రోజుకు ఏడెనిమిది గంటలు చాలు.

ఆ తరువాత చేయవలసిన పని చాలా కష్టం. ఏమీ చేయకుండా కూర్చోవడం. నాలుగైదు వారాలు చేపలు వేయకూడదు. ఎందుకో కైకలూరు, ముదినేపల్లి వైపు చెరువు రైతులను అడగండి, అమోనియా అన్నమాట వింటే ఉలిక్కిపడతారు. చేప రెట్టా, తినగా మిగిలిన మేతా కుళ్ళితే అమోనియా వస్తుంది, అది చేపకు విషం. ఇసుకలో కంటికి కనపడని బాక్టీరియా చేరి దాన్ని నైట్రైటుగా, అదే మరొక రకం చేరి నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటూ విషమే, నైట్రేటు మాత్రం మొక్కకు తిండి. ఈ బాక్టీరియా స్థిరపడటానికి నెల పైన పడుతుంది. చిటికెడు మేత వేస్తూ వాటిని పెంచాలి. 2011లో మా మనవడి పుట్టినరోజుకు మొదటి తొట్టె కొన్న సాయంత్రమే మూడు బంగారు చేపలు వేశాను. మొక్కలు లేవు, రంగు రాళ్ళే. వారం తిరక్కుండా మూడూ తేలిపోయాయి. వాడికి అప్పుడు ఆరేళ్ళు. "తాతయ్యా, నేను రోజూ అన్నం పెట్టాను కదా" అని ఏడ్చాడు. పెట్టినందుకే పోయాయని వాడితో ఎలా చెప్పను?

మన డెల్టా వాళ్ళతో వచ్చిన చిక్కే అది. ఇంటికొచ్చినవాడు వద్దన్నా మరో గరిటె వడ్డిస్తాం. చేపల దగ్గర ఆ మర్యాద పనికిరాదు. రోజుకు ఒకసారి, రెండు నిమిషాలలో తినగలిగినంత. వారానికి ఒక రోజు పస్తు పెట్టినా వాటికి ఏమీ కాదు. వచ్చిన చుట్టాలకు మేత డబ్బా కనపడకుండా దాచండి.

చేపలు ఆ సైజు తొట్టెకు పది చిన్నవి మించకూడదు. గప్పీలు, జీబ్రా చేపలు షాపులో దొరుకుతాయి. నా తొట్టెలో మాత్రం బోదెలో గుడ్డతో పట్టిన నాలుగు పరిగె పిల్లలు, నెత్తిన తెల్లని చుక్క మెరిసే పాంచాక్స్ చేపలు ఆరు ఉన్నాయి. పాంచాక్స్ దోమ పిల్లలను ఏరుకుని తింటుంది. అది గెంతుతుంది కనుక పైన వల మూత ఉండాలి. వారానికొకసారి నాలుగోవంతు నీళ్ళు మార్చండి, తీసిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోయండి, ఆకు ఎలా వస్తుందో చూడండి. బకెట్టు నిండా ఎత్తకండి, నడుముది మళ్ళీ వేరే ఖర్చు. సగం బకెట్టు చాలు. తొట్టెలో చెయ్యి పెట్టే ముందు స్విచ్చి ఆపండి. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి వెళ్ళేలా ఉంచితే నీటిబొట్టు ప్లగ్గులోకి జారదు. మే నెలలో నీళ్ళు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మూత పక్కకు జరిపి, వల మాత్రం ఉంచి, నీటి మీద ఫ్యాను గాలి తగలనివ్వండి.

ఇంత చేసి చూసేదేమిటంటే, మధ్యాహ్నం రెండు గంటలకు దీపం కింద ప్రతి ఆకు అంచునా ప్రాణవాయువు బుడగలు పూసలలాగా కట్టి, ఒక్కొక్కటీ పైకి జారుతుంటాయి. సాయంత్రం అంబూలియా కొసలు ముడుచుకుంటాయి, దీపం ఆర్పకముందే దానికి వేళ తెలుస్తుంది. ఒక చైత్రమాసంలో వాలిస్నేరియా పూసింది. సన్నటి దారం లాంటి కాడ అడుగు నుంచి నీటి పైదాకా వచ్చి, కొసన చిన్న తెల్ల పువ్వు. అది ఆడ పువ్వు. మగ మొక్క వేరుగా ఉంటుంది, దాని పూలు తెగి, నీటి మీద తేలుతూ వెళ్ళి ఆడ పువ్వును చేరతాయి. చేరాక ఆ కాడ స్ప్రింగులాగా చుట్టుకుని పువ్వును నీటి అడుక్కి లాక్కుపోతుంది. నా తొట్టెలోవన్నీ ఒకే తల్లి మొక్క పిల్లలు, అన్నీ ఆడవే. ఆ పువ్వు ఊరికే తేలుతూ ఉండిపోయింది. ముప్పై మూడేళ్ళు ఆ నాచును కొలతలలోనూ బిల్లులలోనూ చూశాను గానీ, పూస్తుందని నాకు తెలియదు. మా ఆవిడను పిలిస్తే వచ్చి చాలాసేపు చూసి, "ఇదా మీరు పీకించింది" అని మాత్రం అంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాట. ఆ మొదటి తొట్టెలో మూడు బంగారు చేపలతోపాటు అద్దానికి నోరు కరిపించి పాచి తినే నల్లచేప ఒకటి కొన్నాను. సక్కరు చేప అంటారు. అన్నీ పోయినా అది పోలేదు. రెండేళ్ళలో జానెడు దాటింది, తొట్టెలో తిరగడానికి చోటు లేకపోయింది. చంపడానికి చేతులు రాలేదు. 2013లో ఒక సాయంత్రం గుడివాడలో మా అమ్మాయి ఇంటికి వెళ్తూ, బకెట్టులో తీసుకెళ్ళి కాలవలో వదిలాను. మనవడు పక్కనే ఉండి టాటా చెప్పాడు. ఇద్దరం పుణ్యం చేశామనుకున్నాం.

అది దక్షిణ అమెరికా చేప. ఒళ్ళంతా ఎముక పలకలు, నీళ్ళు లేకపోయినా గంటల తరబడి బతుకుతుంది, మన పక్షులకూ పెద్ద చేపలకూ కొరుకుడు పడదు. మన రాష్ట్రంలో చెరువులలో, నదులలో చేరిపోయింది. దెయ్యం చేప అంటున్నారు. వలలో పడితే ముళ్ళతో వల చించుతుంది, అమ్ముదామంటే కొనేవాడు లేడు. అది తూర్పు కనుమల జలాశయాలలో ఎక్కడెక్కడ చేరిందో నీటిలోని డి.ఎన్‌.ఏ. ఆనవాళ్ళను బట్టి కనిపెట్టే పద్ధతిని హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు తయారుచేశారు. అమెరికా, మెక్సికోలలో చూసినదేమిటంటే మగచేప గుడ్ల కోసం గట్టులో లోతుగా బొరియలు తవ్వుతుంది. గట్టు కుంగుతుంది. జీవితమంతా గట్టు బొరియలు పూడిపించి జీతం తీసుకున్నవాణ్ణి, రిటైరయ్యాక కాలవలో నేను వదిలింది అదన్నమాట.

2019లో అవనిగడ్డ దగ్గర ఒక వలలో అలాంటిది ఒకటి గట్టున పడి కొట్టుకుంటూ ఉంటే, మనవడు చూసి "తాతయ్యా, అది మనదేనా?" అన్నాడు. కాదులేరా, అది గుడివాడలో కదా వదిలింది అన్నాను. ఒక్క చేప పిల్లలను పెట్టదు కూడా. కానీ ఆ సాయంత్రం బకెట్టు పట్టుకుని కాలవకు నడిచినవాణ్ణి నేనొక్కణ్ణేనా? గుర్రపుడెక్క కూడా 19వ శతాబ్దం చివర పూలు బాగున్నాయని ఎవరో ముచ్చటపడి మన దేశానికి తెచ్చిందే. దాన్ని లాగించడానికి మన శాఖలో ఎంతమంది సర్వీసు అయిపోయిందో ఇక్కడ కూర్చున్న లస్కర్లకు తెలుసు.

కనుక కొనేముందే ఎంత పెరుగుతుందో అడగండి. సక్కరు చేపను కొనవద్దు. ఇప్పటికే ఇంట్లో ఉండి పెంచలేకపోతే, షాపు నుంచి తెచ్చింది ఏదైనా సరే, కాలవలో వదలకండి, నాకు తెచ్చివ్వండి. మా పెరట్లో పాత సిమెంటు తొట్టె ఉంది, ఇప్పటికి అయిదు చేరాయి. కత్తిరించిన మొక్కలు కూడా ఎండబెట్టి పాదుల్లో వేయండి.

వంటవారు చెయ్యి ఊపుతున్నారు. వాలిస్నేరియా పిల్లలు తడిగుడ్డలో చుట్టి సంచిలో తెచ్చాను, గేటు దగ్గర బల్ల మీద ఉన్నాయి. తలా మూడు. నాగాయలంక బస్సుకు వెళ్ళేవారు భోజనానికి ముందే తీసుకోండి, మీ బస్సు తొందర. ఎవరి ఇంట్లోనైనా మగ మొక్క ఉంటే నాకు ఒకటి ఇప్పించండి.