ఆరవ స్థానము ఎవరిది?

అబిడ్సులోను నాంపల్లిలోను ఇరానీ హోటళ్లలో చాయి చల్లారిపోవుటకు కారణమగు ప్రశ్న ఒకటి కలదు. నాటినుండి నేటివరకు హైదరాబాదు పక్షమున క్రికెట్ ఆడినవారిలో పదకొండుగురిని ఏరవలెనన్న ఎవరిని ఏరుదుము? ఆ బల్లలకు కొద్ది దూరముననే ఫతే మైదానము, అనగా నేటి లాల్ బహదూర్ స్టేడియము, కలదు. 1955లో అచ్చట న్యూజీలాండుతో జరిగిన టెస్టులో భారత జట్టునకు నాయకుడు మన గులాం అహ్మదే. ఇట్టి చోట ఈ వాదము పుట్టకున్ననే వింత.

మేమును ఒక జట్టును శ్రోతల ముందుంచుచున్నాము. నియమ మొక్కటే: రంజీ పోటీలలో హైదరాబాదు తరఫున ఆడియుండవలెను.

నాయకుడు, తొలి బాట్స్‌మన్ జయసింహ. 1968లో ఆస్ట్రేలియాకు ఆలస్యముగా పిలువబడి, విమానము దిగిన కొలది దినములకే బ్రిస్బేన్ టెస్టులో 74, 101 పరుగులు చేసిన ధీరుడు. ఆయనకు జోడుగా ఆబిద్ అలీ. ఇతడు బాటుతోను, క్రొత్త బంతితోను ఆట ప్రారంభింపగలడు. ఒక మనిషికి ఇద్దరి పని! మూడవవాడు అబ్బాస్ అలీ బేగ్, నాలుగవవాడు లక్ష్మణ్. 2001లో కలకత్తాలో ఫాలోఆన్ ఆడుచు లక్ష్మణ్ చేసిన 281 పరుగులను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

అయిదవ పేరు చెప్పగనే కొందరు మొగము ముడుతురు. అజరుద్దీన్ తన మొదటి మూడు టెస్టులలో మూడు శతకములు చేసెను. 2000లో క్రికెట్ బోర్డు ఆయనపై జీవితకాల నిషేధము విధించెను. 2012లో హైకోర్టు దానిని కొట్టివేసెను. ఆ మణికట్టును వదలి హైదరాబాదు బాటింగు అను మాటకు అర్థము చెప్పుట మాకు చేతకాదు.

బౌలర్ల విషయమున మన సంపద స్పిన్నునందే. గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, వెంకటపతి రాజు. ఇద్దరు ఆఫ్ స్పిన్నర్లేల అందురా? గులాం అహ్మద్ ఒకప్పుడు హోల్కరు జట్టుపై ఒకే ఇన్నింగ్సులో 92 ఓవర్లకు పైగా వేసెను. మరల అంత భారము ఆయనపై మోపుట ధర్మముగాదు. వేగమునకు సిరాజ్. 2025లో ఓవల్ మైదానమున ఆరు పరుగుల తేడాతో భారతము గెలిచిన టెస్టు చివరి ఇన్నింగ్సులో అయిదు వికెట్లు తీసినవాడు. వికెట్ల వెనుక కృష్ణమూర్తి.

ఇక మిగిలినది ఆరవ స్థానము. అసలు తగవు ఇచ్చటనే.

ఒకవైపు పటౌడీ నవాబు. 1961లో మోటారు ప్రమాదమున కుడికంటి చూపు పోయినను నలుబది టెస్టులలో భారతమునకు నాయకత్వము వహించెను. భారత నాయకుడై యుండియు మన జట్టులో జయసింహ క్రింద సంతోషముగా ఆడెను. మరొకవైపు ఎడ్డీ ఐబారా. ఒక్క టెస్టైనను ఆడలేదు. నేటి యువకులలో పెక్కురు ఆయన పేరైన విని యుండరు.

కాని 1937–38 రంజీ ఫైనలు తలచుకొనుడు. నవానగరుపై గెలుపునకు 310 పరుగులు కావలెను. వికెట్లు ఒక్కొక్కటే రాలి తొమ్మిది పడెను. ఐబారా మాత్రము కదలలేదు. 137 పరుగులతో అజేయుడై నిలిచి, ఒక్క వికెట్టు తేడాతో ట్రోఫీని ఇంటికి తెచ్చెను. జయసింహ అంతటివానికి దక్కని ట్రోఫీ అది. రెండవసారి మనకు దక్కుటకు 1986–87 వరకు వేచియుండవలసి వచ్చెను.

టెస్టుల లెక్కనే కొలబద్ద చేసికొన్నచో ఇట్టివారు ఏ జట్టులోను కనబడరు. తొమ్మిదవ వికెట్టు పడినప్పుడు ఆ చివర ఎవరుండవలెనని మమ్ము అడిగినచో ఐబారా పేరే చెప్పుదుము. ఆరవ స్థానము ఆయనదే.

పటౌడీ పండ్రెండవవాడు. నవాబుగారిచే పానీయములు మోయించుట సాహసమే యనుకొనుడు. అయినను ఎవరైన గాయపడి వెలికి వచ్చినచో కవరులో నిలుపుటకు ఆయనను మించినవాడు మాకు దొరకలేదు.