ఒక యేటి క్రొత్త పాటలు



క్రొత్తగా వెలువడిన కావ్యమును చదివి సహృదయులు గుణదోషములు చర్చించుట మనకు పూర్వమునుండి అలవాటే. అట్లే ఒక యేడాదిలో వెలువడిన క్రొత్త పాటల సంపుటములను గూర్చి ఒక వినువాడు తన అభిప్రాయమును చెప్పుకొనుట తప్పు కాదని తలచి నేడు మీ యెదుటికి వచ్చితిని. నేను సంగీత విద్వాంసుడను కాను. ఈ అరకు కొండలలో చిరకాలము పిల్లలకు తెలుగు చెప్పినవాడను. అమరము, పంచకావ్యములు వల్లెవేసిన చెవి నాది. ఆ చెవి మాటను ముందు వినును, రాగమును తరువాత వినును. నా తీర్పులో పక్షపాతము తోచినచో అది మాటపై గల మమకారమని యెఱిగి మన్నింపుడు.

నేను చెప్పబోవునది 2022వ సంవత్సరపు పాటలను గూర్చి. ఆ యేటినే ఏల ఎన్నుకొంటినన, అది మన మన్యమునకు గుర్తుండదగిన యేడు. అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో చింతపల్లి పోలీసు ఠాణాపై పడిన దినము 1922 ఆగస్టు 22. ఆ యేటికి అది సరిగా నూఱేండ్లు. ఆ యేటనే ఏప్రిల్ 4వ తేదీన పాడేరు ముఖ్యస్థానముగా ఆయన పేర మన జిల్లా యేర్పడినది. అంతకు పదిదినములు ముందుగా, మార్చి 25న, ఆయనను కథానాయకునిగా కల్పించిన 'రౌద్రం రణం రుధిరం' అను చిత్రము విడుదలయ్యెను. అడవి, కొండ, అందలి జనులు అంతగా పాటలకెక్కిన యేడు ఇటీవల మఱియొకటి నా యెఱుకలో లేదు.

ముందుగా సంపుటమన నేమో చెప్పవలెను. పూర్వపు గ్రామఫోను పలక నిమిషమునకు 78 చుట్లు తిరిగెడిది. పది అంగుళముల పలకకు ఒక్కొక్క ప్రక్కను మూడు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. తరువాత పెద్ద పలకలు, వాని వెనుక క్యాసెట్టులు వచ్చినవి. ఒక చిత్రములోని పాటలన్నియు ఒకచోట చేరి సంపుటమైనవి. ఇప్పుడు పలకయు లేదు, క్యాసెట్టును లేదు. చిత్రమునకు కొన్ని నెలలు ముందే పాటలు ఒక్కొక్కటిగా చేతిలోని ఫోనులోనికి వచ్చుచున్నవి. టవరు అందిన గూడెమున మేకలు కాయు పిల్లవాడును పట్టణపు పిల్లవానితోపాటు అదే దినమున క్రొత్త పాట వినుచున్నాడు. ఇది మేలే. కాని వచ్చు దారి సుగమమైనంత మాత్రమున వచ్చినదెల్ల మంచిదని అనరాదు.

పాటను పరీక్షించుటకు నేను మూడు ప్రశ్నలు పెట్టుకొందును. మాట తేటగా వినబడుచున్నదా? వినినవాడు తిరిగి పాడుకొనగలడా? ఆ పాట ఎవరి సొత్తో వారి పేరును, వారి ఫలమును వారికి దక్కినవా?

మొదటి ప్రశ్నకు ఆ యేటి ఉత్తమమైన సమాధానము 'సీతారామం' చిత్రములోని 'కానున్న కళ్యాణం' అను పాట. చిత్రము 2022 ఆగస్టు 5న వచ్చినది. విశాల్ చంద్రశేఖర్ సంగీతము కూర్చెను. పాట వ్రాసిన సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు అప్పటికి లేరు. 2021 నవంబరు 30న స్వర్గస్థులైరి. స్త్రీ పురుషులు ప్రశ్నించుకొనుచు, బదులు చెప్పుకొనుచు నడచు పాట అది. వాద్యములు మాటకు దారి విడిచి ప్రక్కగా నడచినవి. పదము విఱుగలేదు, అర్థము చెదరలేదు. కవి గతించిన పిదప వినబడిన ఆ పాట, తెలుగు మాటకు ఇంకను గొంతులో చోటు కలదని నాకు ధైర్యము చెప్పినది.

ఇక 'రౌద్రం రణం రుధిరం' సంపుటము. సంగీతము కీరవాణిగారిది. అందలి 'నాటు నాటు' పాటను చంద్రబోసుగారు వ్రాయగా రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడిరి. 2023 మార్చి 12న అమెరికాలోని లాస్ ఏంజిలిసు నగరమున దానికి ఆస్కారు బహుమానము లభించెను. భారతదేశపు చిత్రములోని పాటకు ఆ బహుమానము దక్కుట అదియే మొదలు. ఆ పాట తిశ్రగతిలో పరుగెత్తును. పల్లెటూరి పొలము, జాతర, చెట్టు, తిండి, ఇవియే అందలి ఉపమానములు. పాదము చేయు పనిని మాట చేయుచున్నది. వేగమునకు లోబడి కొన్ని పదములు ముసలి చెవికి అందవు. అయినను బడి పిల్లలు దానిని ఒక్క దినమున నేర్చిరి. కనుక నా రెండవ ప్రశ్నకు అది నిలిచినది.

అదే సంపుటమున నాకు మిక్కిలి నచ్చినది 'కొమురం భీముడో'. సుద్దాల అశోక్ తేజగారి రచన. కాలభైరవ గానము. దానికిగాను ఆ గాయకునకు 2023లో జాతీయ పురస్కారము ప్రకటించిరి. కొరడా దెబ్బలు తినుచున్న వీరుడు పాడు పాట అది. ఆర్భాటము లేక తెలంగాణపు పలుకుబడిలో నెమ్మదిగా సాగును. ఒక్క మాట మాత్రము పిల్లలకు మనము చెప్పవలెను. చిత్రములో అల్లూరియు భీముడును మిత్రులు. చరిత్రలో వారు కలిసి యుద్ధము చేసినవారు కారు. రామరాజు 1924 మే 7న మన కొయ్యూరు ప్రాంతమున బలియయ్యెను. గోండు వీరుడు భీముడు 1940లో ఆదిలాబాదు అడవులలో జోడేఘాటువద్ద నేలకొరిగెను. కల్పన పాటకు అందము. చరిత్ర బిడ్డలకు అవసరము.

రామరాజునకు ఆ సంపుటమున ఇచ్చిన పాట 'రామం రాఘవం'. శివశక్తి దత్తగారు దానిని సంస్కృతమున రచించిరి. సంస్కృతము చదివినవాడను గనుక ఆ పాట నాకు ఇంపే. కాని వినుచుండగా ఒక లోటు తోచినది. మన్యము ఆ రామునివెంట నడచినది గదా! గాము గంటందొర ఏడి? మల్లుదొర ఏడి? గంటందొర ఆ పోరాటముననే ప్రాణము లిడిచెను. మల్లుదొర చెఱనుండి వెలువడి, 1952లో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు సభ్యుడయ్యెను. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రమును ఈ చింతపల్లి అడవులలోనే తీసిరి. అందు శ్రీశ్రీ వ్రాసిన 'తెలుగు వీర లేవరా' పాట తెలుగువారికి మొదటిసారి జాతీయ ఉత్తమ గీత పురస్కారమును తెచ్చినది. పాటలు వచ్చినవి, పురస్కారములు వచ్చినవి. కాని కొండవాని పేరు పాటలో ఎప్పుడును వెనుక వరుసలోనే నిలిచినది.

ఆ వెనుక వరుసలోనివారిని కొంత ముందునకు తెచ్చినది 'భీమ్లా నాయక్' సంపుటము. చిత్రము 2022 ఫిబ్రవరిలో వచ్చినది, సంగీతము తమన్. శీర్షిక గీతమునకు ఆరంభమున పండ్రెండు మెట్ల కిన్నెర మ్రోగించి పాడినవారు దర్శనం మొగిలయ్యగారు. ఎండు సొరకాయ బుఱ్ఱలు, వెదురు, తీగలు, ఇంతే ఆ వాద్యము. ఆ యేడు జనవరిలోనే ఆయనకు పద్మశ్రీ ప్రకటించిరి. మఱియొక పాటలో అడవితల్లిని గూర్చి కుమ్మరి దుర్గవ్వ అను జానపద గాయని గొంతు విప్పినది. ఆ రెండు గొంతులు వినగానే తక్కిన వాద్యములన్నియు నాకు అద్దెకు తెచ్చిన వస్తువులవలె తోచినవి. అయితే నా మూడవ ప్రశ్న ఇచ్చట గ్రుచ్చుకొనును. రెండేండ్లు గడవగనే, 2024లో, ఆ పద్మశ్రీ మొగిలయ్యగారు హైదరాబాదు సమీపమున కూలిపని చేయుచున్నారని పత్రికలు వ్రాసినవి. పేరు దక్కినది, ఫలము దక్కలేదు.

ఈ 'భీమ్లా నాయక్' చిత్రమునకు మూలము 2020లో వచ్చిన ఒక మలయాళ చిత్రము. అందు కేరళమునందలి అట్టప్పాడి కొండలకు చెందిన నంజియమ్మ అను ఇరుళ స్త్రీ తమ ఇరుళ భాషలోనే, తాను కట్టిన పాటను తానే పాడినది. 2022 జూలైలో ఆమెకు ఉత్తమ గాయనిగా జాతీయ పురస్కారము ప్రకటింపబడెను. శాస్త్రీయ శిక్షణ లేని గొంతునకు ఇంతటి గౌరవమా యని కొందఱు ఆక్షేపించిరి. పండితుల కోవకు చెందిన నేను ఈ విషయమున పండితుల పక్షము వహింపజాలను. నేర్చిన గొంతు వేఱు, పుట్టిన గొంతు వేఱు. రెండింటికిని చోటు కలదు. నాకు కలిగిన చింత మఱియొకటి. మలయాళదేశపు కొండ స్త్రీ తన భాషతో తన పేరుతో పాటల సంపుటమున నిలువగా, ఆ యేటి పేరుగాంచిన తెలుగు సంపుటములలో ఒక కువి పాటగాని, గదబ పాటగాని, కొండదొరల పాటగాని నాకు వినబడలేదు. జిల్లాకు వీరుని పేరు వచ్చినది. ఆ వీరునితో నడచినవారి పాటకు మాత్రము పిలుపు రాలేదు.

మన పాటకు ఏమి తక్కువ? థింసా సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు. తుడుము, డప్పు, మోరి, కిరిడి మ్రోయగా స్త్రీలు ఒకరి వెనుకగా నొకరు చేతులు పెనవైచుకొని, పామువలె మెలికలు తిరుగుచు, ఒక్క అడుగుగా నడచు ఆటపాట అది. బోడ థింసా, గుండేరి థింసా, పులిని తలపించు బాగ్ థింసా అని దానిలో ఎన్నియో విధములు. అందు పాడువారికిని వినువారికిని నడుమ గోడ లేదు. నా రెండవ ప్రశ్నకు దానికంటె మంచి సమాధానము ఏ సంపుటమునను నేను వినలేదు. అట్టిది నేడు చైత్రమున ఇటుకల పండుగనాడు కొన్ని గ్రామములలో డీజే పెట్టెల మ్రోతలో మునిగిపోవుచున్నది. పడుచువారు అడుగులు మఱవలేదు, పాటలను మఱచుచున్నారు. ముసలివారితో ఆ మాటలు పోయినచో మరల తెచ్చుట ఎవరి తరము?

దీనికి పెద్ద పరికరములు వలదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణమును ప్రకటించిరి. గ్రాంథికమును విడువలేని నావంటివానికి సయితము ఈ విషయమున ఆయనయే గురువు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండదొరల భాషను, అందలి కథలతో గూడ, 1969లో గ్రంథముగా వెలువరించిరి. వారు చెవితో విని చేతితో వ్రాసికొనిరి. మన చేతిలో నేడు ఫోను కలదు. అది పాటను వినిపించుటయే కాదు, పట్టుకొనగలదు.

కావున గ్రామపెద్దలకు నా విన్నపము. మీ యూర పాట తెలిసిన అవ్వను అడిగి, ఆమె సమ్మతితో ఆ పాటను ఫోనులో నిలుపుడు. ఆమె పేరు, ఊరు, భాష, తేదీ ఒక పుస్తకమున వ్రాయుడు. అర్థమును ఆమె నోటనే చెప్పించి తెలుగున వ్రాసి దాచుడు. ఒక ప్రతిని బడిలో నుంచుడు. పట్టణమునుండి ఎవరైన వచ్చి ఆ వరుసను కోరినచో సంతోషముగా వినిపింపుడు. కాని సంపుటముపై పాడినవారి పేరు వేయుదురా, ఫలములో భాగ మిత్తురా యని ముందే అడిగి, కాగితముపై వ్రాయించుకొనుడు. పొలము కౌలుకిచ్చునపుడు వ్రాత అడుగు మనము పాటను మాత్రము ఊరక ఇచ్చివేయ నేల?

2022వ సంవత్సరపు పాటలపై నా తీర్పు ఇది. మాటకు 'సీతారామం', ఆటకు 'నాటు నాటు', ఆర్తికి 'కొమురం భీముడో', గొంతునకు మొగిలయ్యగారి కిన్నెర. ఇంకొక స్థానము ఖాళీగా నున్నది. అది మన కొండది. దానిని నింపవలసినవారు చెన్నపట్టణమునను హైదరాబాదునను లేరు. ఈ ప్రసంగము వినుచున్న మీ యిండ్లలోనే, పొయ్యిదగ్గర కూర్చుండి యున్నారు. వారి పాట వినబడుచుండగనే వినుడు.

ఇక సెలవు.