వినిర్మాణము: ఉద్యమమా, పఠనరీతియా?



ఈ సూరతు నగరమున నేతపని తెలిసినవారు, క్రొత్త వస్త్రపు మచ్చు చేతికి వచ్చినచో, దానిని పోగువెంట పోగు విప్పి, పడుగెంత, పేకెంత యని లెక్కింతురు. అది వస్త్రమును పాడుచేయుట కాదు. నేత మర్మము నెరుగుట. ఫ్రెంచి తత్త్వవేత్త జాక్ డెరిడా 1967లో ప్రకటించిన మూడు గ్రంథములలో ఇట్టి పనినే చేసెను. పలుకు ముఖ్యము, వ్రాత దానికి నీడ యని ఒక గ్రంథము చెప్పినపుడు, ఆ హెచ్చుతగ్గులు దేనిపై నిలిచినవో ఆ గ్రంథపు మాటలతోడనే విప్పి చూపెను. దీనినే మనవారు వినిర్మాణ మనుచున్నారు.

ఇది ఉద్యమమా? ఇది ఒక పద్ధతి సైతము కాదని డెరిడాయే చెప్పెను. కాని కర్త కాదన్నంత మాత్రమున ప్రశ్న తీరదు. మన కృష్ణాతీరపు శ్రీపర్వతముతో సంప్రదాయము ముడివెట్టిన ఆచార్య నాగార్జునుడు తనకు ప్రతిజ్ఞయే లేదనెను. అయినను బుద్ధపాలితుడు, భావవివేకుడు, చంద్రకీర్తి మొదలగువారి వ్యాఖ్యానములతో ఆయన పేర మాధ్యమిక దర్శనము వర్ధిల్లినది.

మరి ఉద్యమమునకు గురుతేమి? 1965లో హైదరాబాదున ఆరుగురు కవులు తమకు దిగంబర కవులని తామే పేరు పెట్టుకొనిరి. తొలి సంపుటమును రిక్షా కార్మికునిచే ఆవిష్కరింపజేసిరి. 1968 నాటికి మూడు సంపుటములు వెలువరించిరి. వారికి పేరు గలదు, కూటమి గలదు, ఎదిరింపదలచిన లక్ష్యము గలదు. అది నిస్సందేహముగ ఉద్యమము.

డెరిడా తత్త్వమున ఇట్టివి లేవు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు విమర్శకులు 1979లో ఆయనతో కలసి వ్యాససంపుటి వెలువరించినపుడు కూటమి వంటిది కనబడెను. 1988లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల ఏడుగురు వాస్తుశిల్పుల పనులను ఒక్క పేరు క్రింద చూపెను. ఆ పేరు శిల్పులు కోరి పెట్టుకొన్నది కాదు.

కావున తత్త్వమున వినిర్మాణము పఠనరీతి. విమర్శలో కొంతకాలము కూటమి. వాస్తుకళలో ఇతరు లొసగిన పేరని నా అభిప్రాయము. అన్నిటికి ఉద్యమమను ఒక్క ముద్ర వేసినచో, కొందరు పక్షము వహింతురు, కొందరు నిందింతురు. ఇరువురును గ్రంథము తెరువరు.

తెలుగునేలకు దూరముగ పెరుగుచున్న మన బిడ్డలకు భావకవిత్వము, అభ్యుదయ కవిత్వము, దిగంబర కవిత్వము అని పేర్లు చెప్పి ఊరకుండుట సులభము. ఒక్క పద్యమును వారి ప్రక్కన గూర్చుండి, మాటవెంట మాట విప్పి చూపుటకు ఓపిక కావలెను. మన సంఘము ఆ పనికి పూనుకొనవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.