రెండు చేతులు, ఒక ఊపిరి
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను గిటారు, మౌత్ ఆర్గాన్ కలిపి వాయించడం నేర్చుకుంటున్నానని తెలిసి, "ఈ వయసులో రాక్ పాటలేమిటండీ?" అని మిత్రులు అడుగుతున్నారు. నేను ఎంచుకున్నది కెనడా గాయకుడు నీల్ యంగ్ 'హార్ట్ ఆఫ్ గోల్డ్'. ఆ రోజుల్లో ఆయన నడుము దెబ్బతింది. బరువైన ఎలక్ట్రిక్ గిటారుతో నిలబడలేక, కూర్చుని మామూలు గిటారు పట్టారు. 1972లో ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. నడుము నొప్పి సంగతి మనకొకరు చెప్పాలా!

ఇక పద్ధతి. మౌత్ ఆర్గాన్‌ను మెడకు తగిలించుకునే చట్రంలో బిగిస్తాం. చేతులు గిటారుకే. 'జి' శ్రుతిలో పది రంధ్రాలది కావాలి. ఊదితే ఒక స్వరం, పీలిస్తే మరొకటి. గిటారు మీద వేళ్ళ పట్లు ముఖ్యంగా నాలుగు: ఇ మైనర్, సి, డి, జి. కబుర్లాడుతూ కూడా తాళం తప్పకుండా చేయి ఆడేదాకా రెండో వాద్యం ముట్టుకోకూడదు. లేకపోతే ఊపిరి మారిన చోటల్లా చేయి ఆగిపోతుంది. తర్వాత రెండూ కలిపి సగం వేగంతో, కొంచెం కొంచెంగా సాధన చెయ్యాలి. ఆయాసం వస్తే ఆపాలి. శ్వాస ఇబ్బంది ఉన్నవారు ముందు డాక్టరుగారిని అడగాలి.

మా ఆవిడ పోయాక సాయంత్రాలు ఇంట్లో చప్పుడుండేది కాదు. ఇప్పుడు ఎదురింటి కుర్రాడు వచ్చి నా వేళ్ళు సరిచేస్తున్నాడు. "తాతగారూ, మళ్ళీ ఒకసారి" అంటాడు. ఆ మాట కోసమే రోజూ సాధన చేస్తున్నాను.

మీ ఇంట్లో అటకెక్కిన వాద్యం ఏదైనా ఉంటే, దయచేసి ఈ వారమే దించండి. సెలవు.