‘సెట్ అసైడ్’ అను మాట



ఇంగ్లీషులో రెండు చిన్న మాటలు కలిసి, ఆ రెంటిలోను లేని మూఁడవ యర్థము నిచ్చుట కలదు. ఇది పరాయి వింత కాదు. మనమును ‘తీసికొను’, ‘తీసివేయు’, ‘తీసిపోవు’ అనుచున్నాము. ‘వాఁడు ఎవరికిని తీసిపోఁడు’ అన్నప్పుడు తీయుటయు లేదు, పోవుటయు లేదు. వాగు పొంగి జొన్నచొప్ప కొట్టుకొనిపోయిన దన్నచోఁ గొట్టినవాఁ డెవఁడు? పసిబిడ్డకైనను ఇది తెలియును. పరభాషవానికి మాత్రము నిఘంటువు వెదకినను తెలియదు. మనకు ఇంగ్లీషుతో వచ్చు చిక్కు సరిగా నిదియే.

అట్టి మాటలలో ‘సెట్ అసైడ్’ అనునది యొకటి. ‘సెట్’ అనఁగా ఉంచుట. ‘అసైడ్’ అనఁగా ప్రక్కకు. కళ్ళములోని గింజలలో విత్తనమునకై కొంత వేఱుగా నుంచుదుము. అది సెట్ అసైడ్. గ్రామములోఁ బశువుల మేతకును శ్మశానమునకును భూమి విడిచి యుంచుటయు నదియే. ఇద్దఱు పెద్దలు పాతపగలను ప్రక్కకుఁ బెట్టి ఊరి చెఱువును గూర్చి మాటలాడుకొన్నచో, దానికిని ఈ మాటయే చెల్లును. మన పలనాటిలో ఈ యర్థమునకుఁ బని యెక్కువ. వాడుక కొంచెము తక్కువ.

ఇంతవఱకు మాట సాధువుగనే యున్నది. కోర్టు గుమ్మము దాఁటఁగానే స్వభావము మార్చుకొనును. న్యాయస్థానము ఒక డిక్రీని సెట్ అసైడ్ చేసిన దన్నచోఁ, దానిని ప్రక్కన నుంచి తరువాతఁ జూతు రని కాదు. ఆ డిక్రీ రద్దయిన దని యర్థము. తరువాతఁ జూచుటకు ‘వాయిదా’ యను మాట మన కెల్లరకుఁ దెలిసినదే. కొంతకాలము అమలు నిలుపుటకు ‘స్టే’ కలదు. ఈ మూఁటిని కలిపి చూచినవానికి నష్టము తప్పదు.

దీనికిఁ దోడు మన తెలుఁగు పత్రికలు మఱియొక చిక్కు కల్పించినవి. అప్పీలును త్రోసిపుచ్చినను ‘కొట్టివేసిరి’. క్రింది కోర్టు తీర్పును రద్దుచేసినను ‘కొట్టివేసిరి’. అప్పీలు కొట్టివేసినచోఁ గ్రింది తీర్పు నిలిచినది. తీర్పు కొట్టివేసినచో అప్పీలు చేసినవాఁడు గెలిచినాఁడు. ఒకే క్రియ, ఫలితములు తూర్పు పడమరలు. దావాకు, అర్జీకి ‘కొట్టివేయు’ ఉండనిచ్చి, డిక్రీకి, ఉత్తరువునకు ‘రద్దుచేయు’ అని వ్రాసిన నేమి పోవునో నాకు బోధపడదు.

వెల్దుర్తి మండలములో నొక రైతు ప్రోనోటు వ్రాసి అప్పు తెచ్చె ననుకొందము. అప్పిచ్చినవాఁడు దావా వేసెను. సమన్లు రైతునకు సక్రమముగా అందలేదు. వాయిదానాఁ డాతఁడు రానందున ఏకపక్షముగా డిక్రీ యయ్యెను. 1908 నాఁటి సివిల్ ప్రొసీజర్ కోడు 9వ ఆర్డరు 13వ రూలు ప్రకారము దానిని సెట్ అసైడ్ చేయుమని ఆ కోర్టునే కోరవచ్చును. గడువు డిక్రీ తేది మొదలు 30 దినములు. సమన్లు సక్రమముగా అందనిచో, డిక్రీ సంగతి తెలిసిననాఁటి నుండి 30 దినములు. ఆలస్యమునకుఁ దగిన కారణము చూపినచో న్యాయాధిపతి మన్నింపవచ్చును గాని, ఆ మన్నింపును నమ్ముకొని కూర్చుండుట క్షేమము కాదు.

అసలు ప్రమాదము దీని తరువాతఁ గలదు. కోర్టువారు డిక్రీని రద్దుచేసిరి. ‘కొట్టివేసినా’రని విని రైతు సంతోషముతో నింటికిఁ బోయి మిరపతోఁటలోఁ బడెను. పోయినది డిక్రీ మాత్రమే. దావా మరల లేచి కూర్చున్నది. దానికిఁ గోర్టువారు మఱియొక దిన మేర్పఱతురు. ఆ దినమునను రైతు రానిచోఁ గ్రొత్త డిక్రీ రాఁగలదు. మొదటిసారి సమన్లు అందలేదనవచ్చును. రెండవసారి ఆ మాట చెల్లదు.

భూమి వేలమైన పిదపఁ గూడ ఈ మాట పనికివచ్చును. వేలము జరిగిన 60 దినములలో, ప్రకటనలోఁ జూపిన బాకీని, కొన్నవానికై వేలము ధరలో నూటికి 5 వంతులను కోర్టులో జమకట్టి, వేలమును సెట్ అసైడ్ చేయుమని కోరుటకు 21వ ఆర్డరు 89వ రూలులో వీలు కలదు. ఇచటఁ బోవునది వేలము; నిలుచునది భూమి. బాకీ మాత్రము జమకట్టిన సొమ్ముతోఁ దీరినది గాని, రద్దయినది కాదు.

2019 జనవరి 1 నుండి మన హైకోర్టు అమరావతిలో నున్నది. రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి హైకోర్టు వ్యవహారము ఇంగ్లీషున జరుగును. కావున ఈ మాట మన యిండ్లకు వచ్చుచునే యుండును. తీర్పు నకలు చేతికి వచ్చినపుడు మన పక్షమున వాదించిన వకీలును, ‘గెలిచితిమా?’ అని యడిగి ఊరకుండకుఁడు. ‘ఏ కాగితము రద్దయినది? ఏది నిలిచినది? మరల రావలసిన దినమెప్పుడు?’ అని యడిగి, ఆ తేదిని కాగితము వెనుకఁ దెలుఁగున వ్రాయించుకొనుఁడు.

‘సెట్ ఆఫ్’ అను మఱియొక మాట దీనికిఁ దోఁబుట్టువువలెఁ గనఁబడును; సంబంధము లేదు. బజారులో దానికి బయలుదేఱుట యని యర్థము. సొమ్ము దావాలో, నేను నీకు బాకీ, నీవు నాకు బాకీ యైనప్పుడు ఒకదానిలో నొకటి తగ్గించుకొనుట. దీనికి మన గ్రామపు లెక్కలలో ‘చెల్లు’ అను చక్కని మాట యుండనే యున్నది.